దర్శి మెట్టలో కాలి వంకర: నీరు, తిండి, నడకల ఉమ్మడి చరిత్ర

వ్యాససంగ్రహం

ఫ్లోరోసిస్ అనగానే తెలుగువారికి నల్లగొండ గుర్తుకు వస్తుంది. అయితే ఈ వ్యాధి మనుషుల ఎముకలను వంచి, కాళ్లను కదలనీయకుండా చేస్తుందని భారతదేశంలో తొలిసారి వివరంగా నమోదైనది నాటి నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, అంటే దర్శి, పొదిలి, కనిగిరి పరిసరాలలో. 1937 నాటి ఆ పరిశోధన మొదలుకొని కాలి వంకరకు కారణాన్ని మొదట నీటిలోను, తరువాత తిండిలోను, ఆపైన సాగునీటి ప్రాజెక్టులోను వెతకడం జరిగింది. ఈ మూడు దశలను క్రమంగా పరిశీలించి, ఏ ఒక్క కారణమూ దర్శి మెట్ట రైతు కాలిని పూర్తిగా వివరించలేదని, ఒక్కొక్క కారణానికి విడివిడిగా చేసిన చికిత్సలు అందుకే అసంపూర్ణంగా మిగిలాయని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: దర్శి, పొదిలి, ఫ్లోరోసిస్, జెను వాల్గమ్, మెట్ట వ్యవసాయం, జొన్న, నాగార్జునసాగర్

1. ఉపోద్ఘాతం

మెట్ట వ్యవసాయం నడక మీద ఆధారపడిన వ్యవసాయం. నాగటి చాలు వెడల్పు సుమారు 20 సెంటీమీటర్లు అనుకుంటే, ఎకరం నేలను ఒక్కసారి దున్నడానికి రైతు, అతని ఎడ్లజత సుమారు 20 కిలోమీటర్లు నడవాలి. దుక్కి అయిన తరువాత గొర్రు, గుంటక, మళ్లీ అంతరకృషి. బావి కింద సాగు ఉంటే కపిల తోలడానికి ఎడ్లు వాలుబాట మీద రోజంతా ముందుకూ వెనక్కూ తిరగాలి. ట్రాక్టరు, విద్యుత్ మోటారు రాకముందు మెట్ట కుటుంబపు ఆస్తి అంటే పొలం, బావి, ఎద్దులతో పాటు నడవగలిగిన కాళ్లు కూడా.

అటువంటి ప్రాంతంలో కాళ్లు పట్టివేయడం, మోకాళ్లు వంకరపోవడం కేవలం వైద్య సమస్యగా ఉండదు. కాలు కదలకపోతే కూలి ఉండదు, కౌలు ఉండదు, సేద్యం ఉండదు. ఈ కారణంగానే ఫ్లోరోసిస్ చరిత్రను దంతాల మరకల నుంచి కాక, కాలి నుంచి మొదలుపెట్టి చదవడం దర్శి ప్రాంతానికి సముచితం. పళ్ల మీది గార రోగిని సిగ్గుపరుస్తుంది. కాలి వంకర అతని జీవనాధారాన్నే తీసివేస్తుంది.

2. దర్శి ప్రాంతం: పాలన, రాయి, నీరు

దర్శి, పొదిలి ప్రాంతాలు బ్రిటిషు కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఇవి వెంకటగిరి సంస్థానానికి చెందిన జమీందారీ భాగాలు. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు దర్శి, పొదిలి, కనిగిరి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఈ పాలనాపరమైన మార్పు చరిత్ర రచనపై ప్రభావం చూపింది. 1937 నాటి వైద్య పత్రాలలో ఉన్నది నెల్లూరు పేరు. 1970 తరువాత ఆ గ్రామాలు ఉన్నది వేరే జిల్లాలో. జిల్లా పేరును మాత్రమే పట్టుకొని వెతికే పాఠకునికి తొలి సాక్ష్యం దర్శి మెట్టకు చెందినదన్న సంగతి తెలియకుండా పోతుంది. నల్లగొండ పేరు స్థిరపడి, దర్శి పేరు మరుగున పడటానికి ఇది ఒక కారణంగా పేర్కొనవచ్చు.

భూగర్భ పరంగా ఈ ప్రాంతం కఠిన శిలలకు నెలవు. వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి గ్రానైట్లు భూగర్భ శాస్త్రవేత్తలకు బాగా పరిచితమైనవి. ఒంగోలుకు వాయవ్యంగా ఉన్న క్షారశిలల సముదాయానికి 'ప్రకాశం ఆల్కలైన్ ప్రావిన్స్' అనే పేరు శాస్త్ర సాహిత్యంలో స్థిరపడింది. కనిగిరి గ్రానైటులో ఫ్లోరిన్ ఖనిజమైన ఫ్లోరైట్ ఉన్నది. నల్ల అభ్రకం, అపటైట్, హార్న్‌బ్లెండ్ వంటి సాధారణ ఖనిజాలలో కూడా ఫ్లోరిన్ కొంత ఉంటుంది. వాన నీరు రాతి పగుళ్లలోకి ఇంకి, అక్కడ చాలాకాలం నిలిచినప్పుడు ఆ ఫ్లోరిన్ నీటిలోకి దిగుతుంది.

అయితే రాతిలో ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన నీటిలో అది ప్రమాదకర స్థాయికి చేరదు. నీటిలో కాల్షియం పుష్కలంగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కరగని పదార్థంగా అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న క్షార జలంలో ఫ్లోరైడ్ కరిగిన రూపంలోనే మిగిలిపోతుంది. వర్షపాతం తక్కువగా, ఎండ తీవ్రంగా ఉండే మెట్ట ప్రాంతాలలో నీరు ఆవిరై లవణాల సాంద్రత పెరగడం దీనికి తోడవుతుంది.

ఇక్కడ ఒక సాంస్కృతిక విషయం గమనార్హం. పల్లెల్లో నీటిని నాలుకతో పరీక్షించి ఉప్పునీళ్ల బావి, మంచినీళ్ల బావి అని విభజించడం తరతరాల అలవాటు. ఉప్పు నాలుకకు తెలుస్తుంది. లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ రుచికి, రంగుకు, వాసనకు అందదు. సున్నపు లవణాలు తక్కువగా ఉన్న నీరు నోటికి హాయిగా ఉంటుంది, పప్పు కూడా త్వరగా ఉడుకుతుంది. ఆ విధంగా రుచిని బట్టి మంచిదని ఎంచుకున్న బావి నీటిలోనే ఫ్లోరైడ్ అధికంగా ఉండే అవకాశం ఏర్పడింది. సంప్రదాయ జ్ఞానం విఫలమైనది అజ్ఞానం వలన కాదు. ఆ పదార్థాన్ని పసిగట్టే ఇంద్రియం మనిషికి లేకపోవడం వలన.

3. తొలి సాక్షి ఎద్దు

నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని మొదట గుర్తించినది వైద్యులు కాదు, రైతులు. 1930ల ఆరంభంలో దుక్కి టెద్దులు కీళ్లు పట్టివేసి నడవలేకపోవడాన్ని వారు గమనించారు. అదే లక్షణం మనుషులలో కూడా ఉన్నదన్న విషయం కొన్నేళ్ల తరువాత శాస్త్ర చర్చలోకి వచ్చింది. మనిషి కంటే ముందుగా ఎద్దు ఎందుకు సాక్షి అయినదన్న ప్రశ్నకు సమాధానం పనిలోను, నీటిలోను ఉన్నది. ఎండలో పనిచేసే ఎద్దు రోజుకు ముప్పై, నలభై లీటర్ల నీటిని సులభంగా తాగుతుంది. అది తినే మేత కూడా అదే నేల మీద పెరిగినది. పైగా నడకే దాని పని కాబట్టి కుంటితనం వెంటనే బయటపడుతుంది. ఒంగోలు జాతి పశుసంపదకు పేరుపొందిన ఈ సీమలో ఎద్దు నడకలోని చిన్న తేడాను కూడా రైతు కన్ను పట్టుకుంటుంది.

ఇదే తర్కం మనుషులకు కూడా వర్తిస్తుంది. ఒక బావి నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నదనుకుంటే, నీడపట్టున కూర్చొని 2 లీటర్లు తాగే వ్యక్తికి రోజుకు 6 మిల్లీగ్రాములు చేరుతుంది. వేసవి దుక్కిలో 6 లీటర్లు తాగే కూలికి 18 మిల్లీగ్రాములు చేరుతుంది. బావి ఒకటే అయినా అందే మోతాదులో మూడు రెట్ల తేడా. కాబట్టి ఫ్లోరోసిస్‌ను 'ఊరి వ్యాధి' అనడం పాక్షిక సత్యమే. ఒకే ఊరిలో అది శ్రమను అనుసరించి మనుషులను ఎంచుకుంటుంది.

4. 1937: ఎముకలో కనిపించిన నీరు

ప్రపంచ శాస్త్రం ఈ సమస్యకు అప్పుడప్పుడే సమీపిస్తున్నది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో పళ్ల మీది గోధుమరంగు మరకలను ఫ్రెడరిక్ మెకే 1901 నుంచి పరిశీలిస్తూ వచ్చాడు. ఆ మరకలకు కారణం నీటిలోని ఫ్లోరైడ్ అని 1931లో హెచ్.వి. చర్చిల్ చేసిన విశ్లేషణలతోను, అరిజోనాలో స్మిత్ దంపతులు, లాంట్జ్ చేసిన ప్రయోగాలతోను తేలింది. 1932లో కోపెన్‌హేగన్‌లోని క్రయొలైట్ కర్మాగార కార్మికుల ఎక్స్‌రేలలో ఎముకలు అసాధారణంగా గట్టిపడటాన్ని మోలర్, గుడ్యోన్సన్ కనుగొన్నారు. ఆ కార్మికులపై కై రోహోల్మ్ రాసిన బృహద్గ్రంథం 1937లో వెలువడింది. అంటే, అప్పటి అవగాహనలో నీటి ఫ్లోరైడ్ ప్రధానంగా పంటి సమస్య, ఎముకల ఫ్లోరోసిస్ కర్మాగారపు ధూళి సమస్య.

ఆ 1937లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్‌పై హెచ్.ఇ. షార్ట్, జి.ఆర్. మెక్‌రాబర్ట్, టి.డబ్ల్యు. బర్నార్డ్, ఎ.ఎస్. మన్నాడి నాయర్ రాసిన పత్రం వచ్చింది. అదే సంవత్సరం నెల్లూరు జిల్లా వ్యాధిపై షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి రాసిన మరొక పత్రం ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వచ్చింది. కర్మాగారం అనేదే లేని పల్లెలలో, కేవలం తాగునీటి వలన మనుషుల వెన్నెముక, కాళ్లు బిగుసుకుపోతాయని ఈ పత్రాలు చూపాయి. పంటి సమస్యకు, కర్మాగార సమస్యకు మధ్య ఉన్న గోడను నెల్లూరు మెట్ట సాక్ష్యం తొలగించింది. ఈ విషయంలో దాని ప్రాముఖ్యం ప్రాంతీయమైనది కాదు, అంతర్జాతీయమైనది.

ఈ కృషి వెనుక మద్రాసులోని రెండు సంస్థల నేపథ్యం ఉన్నది. ఒకటి గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. షార్ట్ దాని డైరెక్టరు, పండిట్ తరువాతి కాలంలో డైరెక్టరు. రెండవది బర్నార్డ్ పేరు మీద 1930లలో ఏర్పడిన రేడియాలజీ సంస్థ. నీటిని విశ్లేషించే రసాయన శాల, ఎముకను చూపే ఎక్స్‌రే ఒకే నగరంలో అందుబాటులో ఉండటం వలన పల్లెలో 'వాతం'గా చెల్లుబాటైన బాధకు కొత్త నిర్వచనం లభించింది.

ఆ పత్రాలలోని వ్యాధి క్రమం స్థూలంగా ఇది. బాల్యంలో పళ్ల మీద గార. కొన్ని దశాబ్దాలు అదే నీరు తాగిన తరువాత చేతులు, కాళ్లలో తిమ్మిరి, నడుము నొప్పి. ఆపైన వెన్నెముక మొత్తం ఒకే కర్రలాగ బిగుసుకోవడం. చివరి దశలో మంచం. శరీరం ఈ విధంగా కట్టుబడినా మనస్సు చురుకుగానే ఉండటం ఈ వ్యాధిలోని విషాదం.

ఈ దశలో కాళ్లు రెండు విధాలుగా దెబ్బతింటాయి. ఒకటి, ఎముకకు స్నాయువులు అతుక్కునే చోట సున్నం పేరుకొని కీళ్లు ముడుచుకోవు. రెండు, వెన్నెముకలోని నాళం సన్నబడి వెన్నుపాము నొక్కుకుపోతుంది. అప్పుడు కాలిలో ఏ లోపమూ లేకపోయినా దానికి ఆజ్ఞ అందదు. కొన్ని కండరాలు బిగుసుకుంటాయి, కొన్ని క్షీణిస్తాయి. ముడిచే కండరానికి, చాచే కండరానికి మధ్య ఉండవలసిన పొంతన చెడి, అడుగులు ఈడ్చుకుంటూ పడతాయి.

5. 1940: నీటి పక్కన తిండి

కారణం నీరని తేలిన మూడేళ్లకే మరొక ప్రశ్న తలెత్తింది. నీటిలోని ఫ్లోరైడ్ స్థాయి ఇంచుమించు సమానంగా ఉన్న ఊళ్లలో వ్యాధి తీవ్రత సమానంగా ఎందుకు లేదు? 1940లో పండిట్, రాఘవాచారి, సుబ్బారావు, కృష్ణమూర్తి దక్షిణ భారత ఫ్లోరోసిస్‌పై ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. ఎముకల వ్యాధి తీవ్రతకు పేదరికంతో, పోషకాహార లోపంతో, ప్రత్యేకించి సి విటమిన్ కొరతతో సంబంధం ఉన్నదని వారు భావించారు.

సి విటమిన్‌కు వారిచ్చిన ప్రాధాన్యాన్ని తరువాతి పరిశోధనలు కాల్షియం వైపు మళ్లించాయి. అయినప్పటికీ ఆ అధ్యయనం వేసిన అడుగు మౌలికమైనది. నీరు కారణమే, కానీ ఆ నీరు ఎవరి శరీరంలో ప్రవేశిస్తున్నదన్నది కూడా కారణమే అన్న సూత్రం అక్కడ మొదలైంది. కూలి రేటు, పంట దిగుబడి, పాడి, కూరగాయల అందుబాటు ఎముకల ఎక్స్‌రేలోకి ప్రవేశించిన సందర్భం అది.

6. నిటారు కాలు: నిష్పత్తి, సమతౌల్యం

తరువాతి దశను అర్థం చేసుకోవడానికి కాలి నిర్మాణం గురించి కొంత తెలియాలి. మనిషి నిలబడినప్పుడు తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు గీసిన గీత మోకాలి మధ్యగా పోవాలి. అప్పుడు శరీర భారం మోకాలి లోపలి, వెలుపలి భాగాల మీద సమంగా పడుతుంది. పుట్టిన శిశువు కాళ్లు బయటికి వంగి ఉంటాయి. రెండేళ్ల వయస్సుకు తిన్నబడి, మూడు నాలుగేళ్లకు మోకాళ్లు కొంచెం దగ్గరగా వచ్చి, ఏడెనిమిదేళ్లకు పెద్దల కాలి రూపం స్థిరపడుతుంది. ఆ తరువాతి వయస్సులో మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ, చీలమండలు ఎడంగా ఉండిపోతే దానిని జెను వాల్గమ్ అంటారు.

ఆ స్థితిలో భారం మోకాలి వెలుపలి వైపుకు మళ్లుతుంది. అక్కడి ఎదుగుదల పొర మీద ఒత్తిడి పెరిగితే ఎముక పెరుగుదల మందగిస్తుంది. లోపలి వైపు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందువలన ఎదిగే పిల్లలలో వంకర తనను తానే పెంచుకుంటుంది. తొడ వెలుపలి కండరాల పట్టీ బిగుసుకుంటుంది. మోకాలి చిప్పను లోపలి వైపు పట్టి ఉంచే కండరం, కటిని నిలబెట్టే పిరుదు కండరం బలహీనపడతాయి. లోపలి స్నాయువులు సాగుతాయి. అడుగు పడిన ప్రతిసారీ మోకాలు లోపలికి జారుతుంది.

క్రీడాశాస్త్రం ఈ కొలతలనే మరొక ప్రపంచంలో ఉపయోగిస్తుంది. 1919 ప్రాంతంలో స్వీడన్‌లో ఎర్నెస్ట్ కిల్లాండర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఓరియెంటీరింగ్‌లో పటం, దిక్సూచి చేతబట్టి అడవులు, గుట్టల మీదుగా పరుగెత్తాలి. ఎగుడుదిగుడు నేల మీద కాలి పొడవు నిష్పత్తులు, కుడిఎడమల బలం, తొడ ముందు వెనుక కండరాల పొంతన క్రీడాకారుని గాయాలను, గెలుపును ప్రభావితం చేస్తాయి. గుట్టలు, గట్లు, చాళ్ల మీద రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిచే మెట్ట రైతు కాలికి కూడా ఈ కొలతలే వర్తిస్తాయి. ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. క్రీడాకారుని అసమతౌల్యం చాలావరకు అభ్యాసం వలన ఏర్పడుతుంది, అభ్యాసంతోనే సరిదిద్దుకోవచ్చు. ఫ్లోరైడ్ పీడిత ప్రాంతపు బాలుని అసమతౌల్యం ఎముక రసాయనంలోనే ఏర్పడుతుంది. అక్కడ వ్యాయామం మూలకారణాన్ని తాకలేదు.

7. 1973–1977: జొన్న, కాల్షియం, రాగి లోహం

1937 నాటి రోగులు ప్రధానంగా నడివయస్సువారు. వారి లక్షణం బిగుసుకున్న వెన్ను. 1970లలో కనిపించిన చిత్రం వేరు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతంలో జెను వాల్గమ్, ఎముకల గుల్లబారడం గురించి లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇక్కడ బాధితులు కౌమార వయస్కులు, వారిలో ఎక్కువమంది బాలురు. వెన్నెముక ఫ్లోరోసిస్‌కు తగినట్లు గట్టిపడగా, కాళ్ల ఎముకలు అందుకు విరుద్ధంగా గుల్లబారి, భారానికి వంగిపోయాయి. ఒకే శరీరంలో పై ఎముక గట్టిపడటం, కింది ఎముక మెత్తబడటం వైద్యులకు కొత్త చిక్కుముడి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడులలోని కొన్ని జిల్లాలలో ఈ రూపం నమోదైంది.

వివరణ కోసం పరిశోధకులు కంచంలోకి చూశారు. జొన్న ప్రధాన ఆహారంగా ఉన్నవారిలో ఈ వంకర ఎక్కువగా కనిపించింది. 1977లో లక్ష్మయ్య, శ్రీకాంతయ్య జరిపిన అధ్యయనంలో అన్నం తిన్నవారి కంటే జొన్న తిన్నవారి శరీరంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతుందని తేలింది. అదే సంవత్సరం దేవస్థలె, కృష్ణమాచారి, బేలవాడి వ్యాధి ఉన్న, లేని ప్రాంతాల బియ్యం, జొన్న, సజ్జ గింజలలోని రాగి, మాలిబ్డినమ్, జింక్ లోహాలను పోల్చి చూశారు. వ్యాధి ప్రాంతపు జొన్నలో మాలిబ్డినమ్ అధికంగా ఉండటం, అది శరీరంలోని రాగి లోహాన్ని మూత్రం ద్వారా బయటికి పంపివేయడం, ఎముక నిర్మాణానికి అవసరమైన రాగి కొరవడటం అనే వాదన రూపుదిద్దుకుంది.

దీనికి తోడు 1973లోనే తేవతియా దంపతులు ఉత్తర భారత రోగులపై చేసిన పరిశోధన మరొక అంచెను చూపింది. ఫ్లోరైడ్ కాల్షియాన్ని ఎముకలో బంధించగా రక్తంలో దాని స్థాయిని నిలబెట్టడానికి పారాథైరాయిడ్ గ్రంథి అధికంగా పనిచేస్తుంది. ఆహారంలో కాల్షియం తక్కువైతే ఆ గ్రంథి ఎముక నుంచే దానిని లాగుతుంది. ఎదిగే వయస్సులో, బరువు మోసే కాలి ఎముకలో ఈ లోటు మొదట బయటపడటం సహజం.

ఈ పరిశోధనలను సామాజికంగా చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. జొన్న విషాహారం కాదు. తరతరాలుగా మెట్ట ప్రజలను కరవులలో బతికించిన గింజ అది. ఫ్లోరైడ్ నీటితో కలిసి, పాలు, ఆకుకూరలు లేని కంచంలో ఒంటరిగా మిగిలినప్పుడే అది కీడుకు తోడైంది. 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండే రాగులు కూడా మెట్ట ధాన్యమే. 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత జొన్న స్థానాన్ని బియ్యం క్రమంగా ఆక్రమించింది. ఫ్లోరైడ్ నిలుపుదల దృష్ట్యా అది మేలు కావచ్చు. కానీ జొన్నతో పాటు రాగి సంకటి, సజ్జ రొట్టె కూడా కంచం నుంచి తొలగిపోయినప్పుడు కాల్షియం లెక్క మళ్లీ తలకిందులవుతుంది.

8. ఆనకట్ట మీద నింద

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడుదలైన నాగార్జునసాగర్ ప్రాజెక్టు కుడి కాలువ గుంటూరు, ప్రకాశం జిల్లాలకు, ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం జిల్లాలకు నీరందించింది. దర్శి బ్రాంచి కాలువ కుడి కాలువ వ్యవస్థలో భాగం. జెను వాల్గమ్ చర్చ ఈ నీటి రాక వెంటనే మొదలు కావడంతో రెండింటికీ ముడి పడింది. ఆనకట్ట వలన భూగర్భ జలమట్టం పెరిగి, నేల క్షారత హెచ్చి, జొన్న మొక్క మాలిబ్డినమ్‌ను ఎక్కువగా పీల్చుకుంటున్నదన్న వాదన 1975లో న్యూ సైంటిస్ట్ పత్రిక ద్వారా ప్రపంచానికి తెలిసింది. పెద్ద ఆనకట్టల విమర్శకు అది తరచుగా ఉదాహరణ అయింది.

దర్శి దృష్టి నుంచి చూస్తే ఈ వాదనకు ఒక పరిమితి ఉన్నది. ఇక్కడి ఎద్దులు, మనుషులు కాళ్లు పట్టివేసి పడిపోయినది ప్రాజెక్టుకు మూడు దశాబ్దాల ముందు. కాబట్టి ఆనకట్ట వ్యాధిని సృష్టించలేదు. ఎక్కువలో ఎక్కువ, కొన్నిచోట్ల దాని రూపాన్ని మార్చి ఉండవచ్చు. మరొకవైపు, ఫ్లోరైడ్ తక్కువగా ఉండే కృష్ణా నీరు కాలువల ద్వారా వేసవి నిల్వ చెరువులకు చేరి, బావి నీటికి ప్రత్యామ్నాయం కాగలిగింది. ఒకే కాలువ ఒక వాదంలో నిందితుడు, మరొక వాదంలో వైద్యుడు. కాలువ చివరి భూములు, దానికి ఎగువన ఉన్న గుట్టల గ్రామాలు ఈ రెండు పాత్రలకూ దూరంగా బోరు మీదనే ఆధారపడ్డాయి.

బోరుబావుల విస్తరణ ఈ చరిత్రలోని మరొక మలుపు. 1960ల చివరి కరవుల తరువాత కఠిన శిలలను తొలిచే యంత్రాలు, 1970లలో ఇండియా మార్క్ 2 చేతిపంపు పల్లెలకు వచ్చాయి. కలరా, విరేచనాల వంటి వ్యాధుల నుంచి ప్రజలను కాపాడటం వాటి లక్ష్యం. ఆ లక్ష్యంలో అవి చాలావరకు సఫలమయ్యాయి. కానీ రాతి పగుళ్లలో చిరకాలం నిలిచిన నీటిని అవి తాగునీటిగా మార్చాయి. సూక్ష్మజీవి లేని నీరు సురక్షితమన్న నిర్వచనంలో ఫ్లోరైడ్‌కు చోటు లేకపోయింది.

9. పరిష్కారాల పరిమితి

1975లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వెలువరించిన 'నల్లగొండ టెక్నిక్' పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వంటి చవక పదార్థాలతో నీటి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి. నీటి క్షారతను బట్టి ప్రతిచోటా పాళ్లు మార్చవలసి రావడం, మడ్డిని పారవేయవలసి రావడం, రోజూ ఎవరో ఒకరు శ్రద్ధ వహించవలసి రావడం దాని ఆచరణకు అడ్డంకులు. ఆ తరువాత అల్యూమినా వడపోతలు, ఇటీవలి కాలంలో రివర్స్ ఆస్మాసిస్ కేంద్రాలు, 20 లీటర్ల క్యాన్లు వచ్చాయి. 2008–09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు అనుమతి ఉన్నది.

క్యాను నీరు తాగడం వలన సమస్యలో పెద్ద భాగం తొలగుతుంది. కానీ పూర్తిగా తొలగదు. తాగడానికి క్యాను, వంటకు బోరు అన్న విభజన పాటించే ఇంట్లో అన్నం, పప్పు, పులుసు బోరు నీటినే పీల్చుకుంటాయి. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గి దాని సాంద్రత పెరుగుతుంది. పొలంలో దాహం వేసిన కూలికి క్యాను అందుబాటులో ఉండకపోవచ్చు. పైగా రివర్స్ ఆస్మాసిస్ ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియాన్ని కూడా తొలగిస్తుంది. ఆ లోటును తిండితో పూడ్చాలి.

తిండి వైపు నుంచి జరిగిన ఒక అధ్యయనం తెలుగు వంటింటికి సన్నిహితమైనది. 2002లో ఖందారే, సహ పరిశోధకులు చింతపండు తీసుకున్న బాలురలో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోవడాన్ని నమోదు చేశారు. చింతపులుసు మందు కాదు. కానీ స్థానికంగా దొరికే ఆహారం శరీరంలో ఫ్లోరైడ్ నిలుపుదలను మార్చగలదన్న 1940 నాటి సూత్రానికి అది ఆధునిక ఆధారం.

కాలవ్యవధి కూడా పరిష్కారంలో భాగమే. శాశ్వత దంతాల ఎనామిల్ ప్రధానంగా ఎనిమిదేళ్ల లోపు ఏర్పడుతుంది. మోకాలి వద్ద ఎముక కౌమారం ముగిసేవరకు పెరుగుతుంది. ఈ వయస్సు దాటిన తరువాత వచ్చే మంచినీరు నొప్పిని తగ్గించవచ్చు, కొత్త నష్టాన్ని ఆపవచ్చు. వంగిన ఎముకను మాత్రం నిటారు చేయలేదు, దానికి శస్త్రచికిత్సే మార్గం. కాబట్టి నీటి పథకంలో పదేళ్ల జాప్యం అంటే ఒక తరం పిల్లల కాళ్లను వదులుకోవడం.

10. ముగింపు

దర్శి మెట్ట చరిత్ర నుంచి మూడు విషయాలు తేటపడుతున్నాయి. మొదటిది, భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్ జ్ఞానానికి తొలి సాక్ష్యం ఈ ప్రాంతపు ఎద్దులు, రైతులు, కూలీల కాళ్ల నుంచి లభించింది. జిల్లాల సరిహద్దులు మారడంతో ఆ సాక్ష్యం చిరునామా మరుగున పడింది. రెండవది, నీరు, గింజ, ఆనకట్ట అన్న మూడు వివరణలు పరస్పర విరుద్ధాలు కావు. రాయి ఫ్లోరైడ్‌ను ఇచ్చింది, ఎండలో శ్రమ మోతాదును పెంచింది, పేద కంచం దానిని శరీరంలో నిలిపింది, ఎదిగే కాలు దాని భారాన్ని మోసింది. మూడవది, శాస్త్రం ఈ కారణాలను కలిపి చూడటం నేర్చుకున్న తరువాత కూడా పాలన వాటిని విడివిడి శాఖలకు పంచింది. నీరు ఒక శాఖది, బియ్యం మరొక శాఖది, ఎముక ఆసుపత్రిది, పొలంలో కూలి దాహం ఎవరిదీ కాదు.

1937లో నీటిలోని కారణం తెలిసింది, 1940లో తిండితో దాని సంబంధం తెలిసింది. ఆ తరువాత కాళ్లు వంగిన ప్రతి బాలుని విషయంలో లోపించినది జ్ఞానం కాదు, ఆ జ్ఞానం బావి గట్టుకు, బడి భోజనానికి, పొలం గట్టుకు ఒకేసారి చేరకపోవడం. దర్శి, పొదిలి, కనిగిరి గ్రామాలలో నీటి పరీక్ష ఫలితాలను, పిల్లల మోకాళ్ల కొలతలను, ఆహార వివరాలను ఒకే పట్టికలో చేర్చి పరిశీలించే స్థానిక అధ్యయనాలు జరిగితే, ఆ ప్రాంతం వైద్యశాస్త్రానికి ఇచ్చిన సాక్ష్యానికి తగిన ప్రతిఫలం అందినట్లవుతుంది.